రేటు పెరిగేదాకా

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేని సంగతి ఒకటి ఎన్నో ఏళ్ళుగా నా లోపల పడి ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీళ్ళకు తెలిస్తే ఇట్లా నవ్వుతారా అని ముందు అదే గుర్తొస్తుంది.

చూడడానికి చాలా చిన్న తప్పు. నా భార్య పరాయి దేశం నుంచి ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. నాకు స్పష్టంగా వినపడింది. వినపడలేదని అన్నాను.

అంతే.

ఈ "అంతే" రాసి చాలాసేపు ఆగిపోయాను. అంతే అయితే ఇన్నేళ్ళు ఎందుకు మోస్తాను? చిన్నది చేసి చూపించుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే మీరు నమ్మొద్దు.

మాది కడప జిల్లా. మంగంపేట దగ్గర ముగ్గురాయి గనులున్నాయి. ఆ రాయిని మిల్లుల్లో పిండి చేసి, మూటలు కట్టి, ఓడలకెక్కించి విదేశాలకు పంపుతారు. చమురు బావులు తవ్వేవాళ్ళకు ఆ పిండి కావాలి. అట్లాంటి ఒక మిల్లులో నేను ఆఫీసు పని చేసేవాణ్ణి. బి.కాం. చదివాను. ఓడల కాగితాలు, బ్యాంకు వ్యవహారాలు నా చేతి మీదుగా పోయేవి. సరుకుకు డబ్బు డాలర్లలో వచ్చేది. ఆ డాలర్లను ఏ రోజు రూపాయలుగా మార్చాలన్నది మా ఓనరుకు పెద్ద తలనొప్పి. పొద్దున్నే బ్యాంకుకు ఫోన్ చేసి రేటు కనుక్కోవడం నా మొదటి పని. "ఏమప్పా, ఈ దినం ఎంత?" అని ఆయన అడగడంతో మా రోజు మొదలయ్యేది.

నా భార్యను సలోమి అని పిలుస్తాను. అసలు పేరు అది కాదు. మాకు పిల్లలు కలగలేదు. తిరుపతిలో చాలా ఆసుపత్రులు తిరిగాం. చివరికి పిల్లలు లేరు, అప్పులు మిగిలాయి. మా చర్చి సంఘంలో చాలామంది ఆడవాళ్ళు అప్పటికే కువైట్‌లో ఇంటిపనికి పోయి ఉన్నారు. సలోమే ఒకరోజు అంది, రెండేండ్లు పోయొస్తానని. నేను వద్దనలేదు. వద్దనాల్సిందేమో అని అప్పుడు అనిపించలేదు. మా పక్క అది పెద్ద విషయం కాదు. ప్రతి వీధిలో ఒక ఇంటికి కువైట్ నుంచే నెల గడుస్తుంది.

మొదటి రెండేళ్ళు బాగానే జరిగాయి. మంచి ఇల్లు దొరికింది. నెలనెలా జీతం పంపేది. అప్పులు తీరాయి. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను తప్పు చేసేనాటికి మాకు అప్పుల్లేవు. ఆకలితో చేశానని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ఆ ఇంటివాళ్ళు ఊరు మారిపోవడంతో సలోమి తిరిగొచ్చింది. కొన్నాళ్ళుండి, వేరే ఇంటికి మళ్ళీ పోయింది. ఈసారి పొమ్మన్నది నేను. మేమూ ఒక ఇల్లు కట్టుకుందామన్నాను.

ఇప్పుడు రేట్ల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే నా పాపం మీకు అర్థం కాదు.

మా వాళ్ళు "దినారు పెరిగింది" అని సంబరపడతారు. నిజానికి కువైట్ దినారు పెద్దగా కదలదు. ఆ దేశపు కేంద్ర బ్యాంకు దాన్ని కొన్ని పెద్ద దేశాల డబ్బుల గుంపుతో కలిపి కట్టి ఉంచుతుంది. ఆ గుంపులో దేని వంతు ఎంతో బయటికి చెప్పరు కానీ, డాలరుదే పెద్ద వంతని అందరూ అనుకుంటారు. కదిలేది మన రూపాయి. డాలరుకు రూపాయల్లో ధర ఎట్లా వస్తుందంటే, కోడూరు మార్కెట్లో బొప్పాయికి ధర వచ్చినట్టే వస్తుంది. కొనేవాళ్ళు ఎక్కువైతే పైకి, అమ్మేవాళ్ళు ఎక్కువైతే కిందికి. చమురు కొనే కంపెనీలకు డాలర్లు కావాలి. మన దేశంలో పెట్టుబడి పెట్టిన విదేశీయులు వెనక్కి తీసుకుపోవాలన్నా డాలర్లే కావాలి. అందరూ ఒక్కసారి కొనడానికి ఎగబడితే రూపాయి పడిపోతుంది. అప్పుడు మన కేంద్ర బ్యాంకు ఊరికే చూస్తూ కూర్చోదు. తన దగ్గర దాచిన డాలర్లు తీసి అమ్ముతుంది, వడ్డీలు పెంచుతుంది. ఫలానా రేటే ఉండాలని పట్టుబట్టదు. మరీ తొందరగా పడకుండా పట్టుకుంటుంది, మరీ తొందరగా లేచినా పట్టుకుంటుంది.

ఇవన్నీ బ్యాంకువాళ్ళతో రోజూ మాట్లాడి నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరుకోలేదు. మిల్లు ఎదురుగా ఉన్న టీ అంగడిలో చెప్పడం మొదలుపెట్టాను. భార్యలు, అక్కచెల్లెళ్ళు కువైట్‌లో ఉన్న మగవాళ్ళు అక్కడికి చేరేవాళ్ళు. ఈ వారం పంపమనాలా, వచ్చే వారం దాకా ఆగమనాలా అని అడిగేవాళ్ళు. నేను చెప్పింది నాలుగైదు సార్లు నిజమైంది. "రేటు సారు" అని పేరొచ్చింది. మీకు నవ్వొస్తుందేమో. పిల్లల్లేనివాణ్ణి. చిన్న ఉద్యోగం. ఇంటికి పోతే పలకరించే మనిషి లేదు. నా చుట్టూ మనుషులు చేరి నా నోటివైపు చూస్తుంటే ఎట్లుండేదో నేను మీకు చెప్పలేను. సాయంత్రమైతే ఆ టీ అంగడికి పోవడానికే నేను పొద్దున లేచేవాణ్ణేమో.

ఆ ఏడు రూపాయి జారడం మొదలైంది. నెమ్మదిగా కాదు. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు. ఇంకా పడుతుందని నేను చెప్పాను. పడింది. ఇంకా పడుతుందన్నాను. మళ్ళీ పడింది.

అప్పుడే సలోమితో చెప్పాను. జీతం నెలనెలా పంపొద్దు, దినార్లలోనే ఉంచుకో, రేటు బాగా పెరిగాక అంతా ఒక్కసారి పంపిద్దువు. ఆమె దగ్గర దాచుకునే చోటు లేదు. బ్యాంకు ఖాతా లేదు. అయితే ఆ ఇంటి మేడం దగ్గరే ఉండనీ, నువ్వు తీసుకోవద్దు, అడిగినప్పుడు ఇమ్మను అన్నాను. సలోమికి ఇష్టం లేకపోయింది. నెలనెలా చేతికొస్తే ధైర్యంగా ఉంటుందని అంది. నీకు తెలియదులే అన్నాను. ఆమె ఎప్పుడూ నా మాట కాదనేది కాదు. మేడంకు చెప్పింది. ఆ మేడం సంతోషంగా ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకోదు? కష్టం చేయించుకుని జీతం ఇవ్వనవసరం లేదు. పనిమనిషి ఎక్కడికీ పోనూ పోదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అదే నెలల్లో మిల్లు డాలర్లకు నేనేం చేశానో. రాబోయే డాలర్లకు ఇప్పుడే బ్యాంకుతో రేటు ఖాయం చేసుకునే పద్ధతి ఒకటుంది. రేపు రేటు ఎటు పోయినా ఖాయం చేసుకున్న రేటే ఇస్తారు. లాభం కొంచెం తగ్గొచ్చు కానీ నిద్ర పడుతుంది. ఓనరు అంతా వదిలేద్దాం, ఇంకా పెరుగుతుంది కదా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. సగానికి ఖాయం చేద్దాం సార్, అంతా గాలికి వదలకూడదు అని బతిమాలి చేయించాను. పరాయివాడి డబ్బుకు అంత జాగ్రత్త. అది తెలిసినవాణ్ణే నా భార్య కష్టాన్ని మాత్రం మొత్తం వదిలేశాను. తెలియక చేశానని కూడా అనలేను, చూశారా?

ఆమెకు శుక్రవారం మధ్యాహ్నాలు ఫోన్ చేసుకోనిచ్చేవాళ్ళు. ఆ శుక్రవారం నేను టీ అంగడిలోనే ఉన్నాను. మిల్లుకు కరెంటు లేక పని ఆగిపోయి ఉంది. చుట్టూ ఏడెనిమిది మంది. రూపాయి ఇంకెంత పడుతుందో నేను చెప్తున్నాను. ఫోన్ మోగింది. లేచి లారీలు తూకం వేసే కాటా దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఏమయ్యా, ఇంటాండావా?"

"ఇంటాండా సలోమీ. రేటు చూస్తాండావా యాడికి పోయిందో? ఇంగో నెల ఓపిక పట్టినామంటే..."

"రేటు సంగతి అట్లుండనీ. నేను చెప్పేది ఇను. నా గదికి గడియ పీకేసినారు."

"ఏం గడియ?"

"నేను పండుకునే గదికి, లోపల్నుంచి ఏసుకునేది. మేడం కొడుకు చదువు అయిపోయి వచ్చినాడు. వాడొచ్చినాంకనే పీకేసినారు. అడిగితే ఎవురూ పలకరు. నాకు భయమైతాందయ్యా. జీతం పోతే పోనీ, నాకొద్దు. నువ్వు ఏజెంటుతో మాట్లాడి టికెట్ తీపియ్యి. నేను వచ్చేస్తా."

కాటా మీదికి ఒక లారీ ఎక్కుతోంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లో నా మనసులో ఏం జరిగిందో అప్పట్నుంచీ వెతుక్కుంటూనే ఉన్నాను. గడియ ఎందుకు పీకుతారో నాకు అర్థం కాలేదా? అయింది. వెంటనే అయింది. అర్థమైనాక మొదట వచ్చిన ఆలోచన ఆమె గురించి కాదు. ఇప్పుడు వచ్చేస్తే ఆ మేడం జీతమంతా ఇవ్వదే అని. ఇన్ని నెలలు ఆగి, ఇంత పెరిగాక, అంతా పోతుందే అని. అందరికీ చెప్పానే, నా భార్య డబ్బులు చూడండి ఎట్లా ఆపి పెట్టానో అని. వీళ్ళ ముందర ఏం చెప్పాలి అని.

డబ్బు ఆశ అనుకున్నాను చాలాకాలం. కాదు. డబ్బు ఆశకైనా కొంచెం మర్యాద ఉంటుంది. నా లెక్క నిజమయిందని నలుగురూ చూడాలి. దానికి ఇంకొక్క నెల కావాలి. అంతకంటే పెద్ద కారణం నాలో ఎంత తవ్వినా దొరకలేదు.

"హలో... హలో? సలోమీ?" అన్నాను.

"ఆఁ, ఈడనే ఉండా. ఇంటాండావా?"

"హలో? ఏం ఇనపడ్ల్యా. లైను సరిగా లేదు."

"గడియ అంటాండానయ్యా, గడియ!" ఆమె గొంతు పెంచింది. పక్క గదిలో ఎవరైనా వింటారేమోనని మళ్ళీ తగ్గించడం కూడా నాకు తెలిసింది. "నా గది గడియ..."

"ఇనపడ్ల్యా. మల్లా చెయ్యి." ఫోన్ పెట్టేశాను.

తిరిగి టీ అంగడికి నడిచాను. ఎవరో అడిగారు, ఏమంటాది సలోమమ్మ అని. లైను సరిగా లేదప్పా అన్నాను. రెండోసారి చెప్పేసరికి అది నిజం లాగానే ఉంది. జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. చెయ్యి పెట్టి చప్పుడు ఆపేశాను. అది జేబులో అదురుతూ ఉంటే నేను రూపాయి గురించే మాట్లాడాను. బాగా మాట్లాడాను కూడా. ఆ రోజు చెప్పినంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదని ఒకాయన మెచ్చుకున్నాడు.

సాయంత్రం నేనే చేశాను. ఎత్తలేదు. మరుసటి శుక్రవారం ఆమె నుంచి ఫోన్ రాలేదు. ఆ తర్వాత నంబరే పనిచేయలేదు. ఫోన్ లాక్కున్నారని నాకు చాలా నెలల తర్వాత తెలిసింది.

మీరు అడగొచ్చు, అప్పుడైనా కదిలావా అని. రాజంపేటలో ఆమెను కువైట్ పంపిన ఏజెంటు దగ్గరికి పోయాను. పోయి ఏం అడిగానో తెలుసా? మా ఆమె జీతం మేడం దగ్గర ఉంది, అది ఎట్లా తెప్పించుకోవాలి అని అడిగాను. గడియ సంగతి చెప్పలేదు. చెప్తే, నీకెట్లా తెలిసింది అంటాడు కదా. నాకు వినపడలేదు కదా. ఒక అబద్ధం చెప్పినవాడు దానికి కాపలా కూడా కాయాలి. భయమేం లేదు, ఫోన్ పాడైపోయి ఉంటాదిలే అన్నాడు ఏజెంటు. నేను తల ఊపి బస్సెక్కాను.

రేటు నేను చెప్పినంతా పెరిగింది. ఒక రోజు బ్యాంకు మనిషి ఫోన్లో ఆ అంకె చెప్తే కాగితం మీద రాసుకున్నాను. టీ అంగడిలో ఎవరో నాకు స్వీటు తెచ్చి పెట్టారు. తిన్నాను. తర్వాత కేంద్ర బ్యాంకు గట్టిగా దిగింది. రూపాయి నిలదొక్కుకుంది, రేటు వెనక్కి వచ్చింది. నాకు ఒక్క దినారు కూడా చేతికి రాలేదు. దేశం డబ్బు పడిపోతుంటే పట్టుకోవడానికి ఎక్కడో కూర్చుని ఎవరో చూస్తూ ఉంటారు. సలోమి తనను చూసుకోమన్నది నన్నొక్కణ్ణే.

నెలల తర్వాత కువైట్ నుంచి ఎవరో తెలుగాయన ఫోన్ చేశాడు. సలోమి అక్కడి మన రాయబార కార్యాలయం వాళ్ళ ఆశ్రయంలో ఉందని, కాగితాలు తయారవుతున్నాయని చెప్పాడు. ప్రాణంతో ఉందన్న మాట వినగానే కూలబడి ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే. కానీ ఆ ఏడుపులోనే ఒక మూల, ఆమె ఎవరితోనైనా నా గురించి చెప్పిందా అన్న భయం కూడా ఉంది. అది కూడా నిజమైనదే.

చెన్నై విమానాశ్రయంలో చూస్తే మొదట గుర్తుపట్టలేదు. సగమైపోయింది. కుడి మణికట్టు వంకరగా అతుక్కుని ఉంది. ఏమైందన్నాను. పడినా అంది. నేను ఇంకేం అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. అడిగితే చెప్తుందేమో అన్న భయమే నాకు ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది.

రైల్లో వస్తూ తనే కొంత చెప్పింది. నిద్రపోయే ముందు తలుపుకు బీరువా జరిపి పెట్టుకునేదట. ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చినప్పుడు, పక్కింట్లో పనిచేసే శ్రీలంక ఆమె టాక్సీ ఆపి, ఎక్కించి, మన రాయబార కార్యాలయానికి పంపిందట. ఒంటి మీది బట్టలతో పోయింది. జీతమంతా అక్కడే ఉండిపోయింది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహంలోకి చూసి, నేను బాధపడతానేమోనని నా చెయ్యి పట్టుకుంది.

"దుడ్డు పోతే పోయిందిలేయ్యా. ఆ దినం నీకు ఫోన్ చేసినా. గడియ సంగతి చెప్పల్లని శానా చూసినా. లైను పోయ."

నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. కోడూరు దగ్గరికి వచ్చేశాం. అరటి తోటలు.

"ఇనపడింటే నువ్వు ఉరుకులాడి ఏదో ఒకటి చేసేవాడివి. నాకు తెల్దా? నీ తప్పేముంది దాంట్లో?"

అప్పుడు చెప్పాల్సింది. తలుపు తీసి పెట్టినట్టు మాట తనే అందించింది. నేను ఆమె వంకరపోయిన మణికట్టు మీద చెయ్యి వేసి నిమిరాను. అంతే చేశాను. ఆమె దాన్ని ప్రేమ అనుకుంది.

వచ్చాక సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టించింది. లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ దినం మా ఆయనకు ఫోన్ చేసినా, లైను పోయింది, మనుషుల లైను పోతాది గానీ దేవుని లైను పోదని అప్పుడు తెలుసుకున్నా అంది. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు ఆడవాళ్ళు ఏడ్చారు. నేను మగవాళ్ళ వరసలో చాప మీద కూర్చుని ఆమేన్ అన్నాను. నా నోటితో అన్నాను. ఆమె విశ్వాసానికి పునాది రాయిగా నా అబద్ధం ఉంది. దాన్ని ఇప్పుడు లాగితే ఆమెకేం మిగులుతుంది? చెప్పకపోవడానికి ఇది నాకు దొరికిన మంచి సాకు. ఇది సాకు కాదేమో, నిజంగా ఆమె కోసమేనేమో అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కోసమే అయితే, నాకు ఇంత సౌకర్యంగా ఎందుకుంది?

టీ అంగడికి పోవడం మానేశాను. రేట్ల గురించి మాట్లాడడం మానేశాను. భార్యకు జరిగినదానికి మనసు విరిగిపోయిందని అనుకున్నారు, జాలిపడ్డారు. నన్ను జాలిగా చూసినప్పుడల్లా దొంగ సొమ్ము తీసుకున్నట్టు ఉంటుంది. తర్వాత మిల్లు పని కూడా వదిలేశాను. ఇప్పుడు ఒక ఎరువుల అంగడిలో కూర్చుంటాను. ఇల్లు కట్టాం, ఇద్దరికి చాలేంతది. ఒకే కంచం ముందర ఇద్దరం కూర్చున్నా, నేను ఎక్కడో కిలోమీటర్ల దూరాన కూర్చున్నట్టు ఉంటుంది. ఆమె నాతో మంచిగా ఉంటుంది. జ్వరమొస్తే కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. ఆమె అంత ప్రేమగా చూసుకునే మనిషి నేను కాదు, లైను పోయినందువల్ల నిస్సహాయుడైపోయిన ఒక మంచి భర్త. ఆయనకు పెట్టిన అన్నం నేను తింటున్నాను.

ఇన్నేళ్ళు రాయనివాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక చిన్న సంగతి జరిగింది. కువైట్ పోయే ఆడవాళ్ళు పోయే ముందు సలోమి దగ్గరికి వస్తారు. ఆమె అన్నీ జాగ్రత్తగా చెప్తుంది. మొన్న ఓబులవారిపల్లె పక్క నుంచి ఒక కొత్త జంట వచ్చింది. ఆ అమ్మాయికి సలోమి చెప్తోంది. పాసుపోర్టు నకలు ఒంటి మీద ఉంచుకో. జీతం ఏ నెలది ఆ నెల చేతికి తీసుకో, ఎవరు ఎన్ని చెప్పినా ఆపొద్దు. ఇద్దరు ముగ్గురి నంబర్లు నోటికి నేర్చుకో.

"లైన్లు నమ్మేదానికి లేదమ్మా. మా ఆయనంతటి మంచి మనిషే నాకు అందల్యా."

అట్లా అన్నప్పుడు ఆమె నావైపు చూడలేదు. ఆ అమ్మాయి వైపే చూస్తూ అంది. మామూలుగానే అంది. కానీ "ఎవరు ఎన్ని చెప్పినా" అన్న చోట గొంతు కొంచెం ఆగినట్టు నాకనిపించింది. ఆమెకు తెలుసా? మొదటి నుంచీ తెలుసా? ఆ రోజు ఫోన్లో లైను ఎంత బాగుందో ఆమెకూ వినపడి ఉంటుంది కదా. లారీ చప్పుడు వినపడి ఉంటుంది. నేను ఊపిరి పీల్చుకోవడం వినపడి ఉంటుంది. తెలిసే నాకు మణికట్టు అందించి కూర్చుందా? తెలియదు. ఆలోచించిన కొద్దీ భయమేస్తుంది. తెలియకపోతే ఆమెను మోసం చేస్తున్నాను. తెలిసి ఉంటే ఇన్నేళ్ళూ నేనే నోరు తెరిచి చెప్తానని ఆమె ఎదురుచూస్తోంది.

వాళ్ళు పోయేటప్పుడు ఆ అమ్మాయి భర్త గేటు దగ్గర నన్ను ఆపాడు. పాత పేరు ఎవరో చెప్పినట్టున్నారు.

"సార్, మీకు రేట్లు బాగా తెలుసంట గదా. దుడ్డు ఎప్పుడు పంపమనల్ల? పెరిగేదాకా ఆగమనల్లా?"

"ఆగమనొద్దు. జీతమొచ్చిన దినమే పంపమను. రేటు ఎంతన్నా ఉండనీ."

"సరే సార్."

"ఇంగొకటి. ఆమె ఫోన్ చేసినప్పుడు..." అని ఆగిపోయాను. అతను నిలబడి చూస్తున్నాడు. ఏం సార్ అన్నాడు.

"ఏం లేదు. పో నాయనా" అన్నాను.

అతను మోటారు సైకిలు తీశాడు. ఆ అమ్మాయి వెనక కూర్చుని సలోమికి చెయ్యి ఊపింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆమె చెప్పేది విను అన్న ఆ ఒక్క ముక్క చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. నా పేరు నిలబెట్టుకోవడానికి నేను ఇంకొకరి ఇంటి ఆడపిల్లను కూడా వదిలేయగలను. కాటా దగ్గర నిలబడినవాడు ఎక్కడికీ పోలేదు, ఇప్పటికీ నా చొక్కా వేసుకునే తిరుగుతున్నాడని ఆ రోజు తెలిసింది.

ఈ రోజు ఆదివారం. తలనొప్పి అని చెప్పి నేను ఆరాధనకు పోలేదు. సలోమి ఒక్కతే పోయింది. మధ్యాహ్నం దాకా రాదు. ఇల్లంతా ఎండకు కాగుతోంది, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మా సంఘాల్లో తప్పు ఒప్పుకోవడానికి గురువు ముందర మోకరించే పద్ధతి లేదు. దేవుడితోనే నేరుగా చెప్పుకోమంటారు. దేవుడికి ఎన్నోసార్లు చెప్పాను. ఆయనకు ముందే తెలుసు కాబట్టి చెప్పినట్టు అనిపించదు. తెలియని మనిషికి చెప్పాలి. అందుకే మీరు.

సలోమికి చెప్తానా? చెప్తానని ఇక్కడ రాసి మీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోను. రేపు ఏ ధైర్యం ఉంటుందో, ఏ సాకు దొరుకుతుందో నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. క్షమించగల మనిషి కూడా క్షమించాలని లేదు. ఆ అమ్మాయి భర్తకు మాత్రం ఒక ఉత్తరమైనా రాయాలి. అది రాస్తాననే అనుకుంటున్నాను.

ఇన్నేళ్ళూ ఇది నా ఒక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు కూడా తెలుసు. ఎక్కడో ఒక మనిషి ఇది చదివి నన్ను ఛీ అనుకుంటాడు. ఆ ఛీ నాది, నిజంగా నాది. మెప్పులూ జాలీ అన్నీ ఇన్నాళ్ళు వేరే ఎవరికో రావాల్సినవి నాకు వచ్చాయి. అందుకేనేమో, ఖాళీ ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని కూడా ఇప్పుడు అంత ఒంటరిగా అనిపించడం లేదు. ఇది ఎంతసేపుంటుందో తెలియదు. ఉన్నంతసేపు ఊపిరి పీల్చుకుంటాను.